పొయ్యి పలికిన మాట

వ్యాకరణం చెప్పుకుని బతికేవాడికి పొయ్యితో ఏం పని అని మీరడగవచ్చు. పోయిన వేసవి వరకు నేనూ అలాగే అనుకున్నాను.

మా కాపురం కర్నూలులో. అమ్మ కడపలో ఉంటుంది. వేసవి సెలవుల్లో మా ఇంటికి వస్తుంది. ఆ రోజుల్లో గ్యాసు బండ అయిపోయి, కొత్తది రావడం ఆలస్యమైంది. నాలుగు రోజులుగా వంటంతా ఇండక్షన్ పొయ్యి మీదే. నాలుగోనాటి సాయంత్రం అమ్మ సంగటికి ఎసరు పెట్టిందో లేదో, పొయ్యి కీచుమని అరిచి ఆగిపోయింది. గాజుపలక మీద ఎర్రగా ఆంగ్లాక్షరం ‘ఈ’, దాని పక్కన 3 అంకె!

‘‘నీళ్ళు ఒలకబోసి ఉంటావమ్మా’’ అన్నాను.

‘‘నేనేమీ పోయలేదురా. రెండు దినాల నుంచి ఏందో రబ్బరు కాలిన వాసన వస్తా ఉందని చెప్తానే ఉండాను’’ అంది అమ్మ. ఆ మాట నేను రెండు రోజులుగా వింటూనే ఉన్నాను. ముసలితనపు చాదస్తమనుకుని ఊరుకున్నాను. మర్నాడు ఆమె వంటింటి గడప తొక్కలేదు. మా ఆవిడ నావంక చూసిన చూపును వర్ణించడం నా చేతకాదు.

మెకానిక్కు వచ్చాడు. అంకె చూడగానే, ‘‘సెన్సారు పోయింది సార్, బోర్డు మార్చాలి’’ అన్నాడు. అతను చెప్పిన ఖరీదుకు ఇంకాస్త కలిపితే కొత్త పొయ్యే వస్తుంది! ఆలోచించుకుని చెబుతానని పంపేసి, అటక మీది అట్టపెట్టెలోంచి పొయ్యితో వచ్చిన చిన్న పుస్తకం తీశాను. మా పొయ్యి భాషలో ఆ 3కు అర్థం వేరు: వచ్చే కరెంటుకు వోల్టేజీ చాలడంలేదని. ఈ అంకెలకు అన్ని కంపెనీలకూ కలిపి ఒక నిఘంటువు లేదు. ఒకరి పొయ్యిలో సెన్సారుకు పెట్టిన అంకె మరొకరి పొయ్యిలో వోల్టేజీకి ఉండవచ్చు.

ఇది నాకు కొత్తగా తోచకూడదు. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతోనే మొదలవుతుంది. లోకంలో ద్రుతమంటే వేగం. అక్కడ ద్రుతమంటే నకారం. ఆ సంజ్ఞ తెలియకుండా సూత్రంలోకి దిగితే సంధి చెడుతుంది. ఏటేటా పిల్లలకు ఈ మాట చెప్పే నేను, నా వంటింట్లో మాత్రం సంజ్ఞ చదవకుండానే అమ్మమీద తీర్పు చెప్పాను.

మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడు ఆ సాయంత్రం మీటరు పట్టుకుని వచ్చాడు. ‘‘ఇందులో నిప్పు లేదు మాస్టారూ’’ అంటూ మొదలుపెట్టాడు. గాజు కింద రాగితీగ చుట్ట ఉంటుంది. అందులో సెకనుకు వేలసార్లు దిశ మార్చుకుంటూ కరెంటు పారుతుంది. ఫారడే 1831లో కనుక్కున్న ప్రేరణ సూత్రం ప్రకారం గిన్నె అడుగున సుడి ప్రవాహాలు పుట్టి, గిన్నే వేడెక్కుతుంది. అందుకే అయస్కాంతం అంటుకునే గిన్నె కావాలి. జొన్నరొట్టెల ఇనుప పెనం పనికొస్తుంది. సత్తుగిన్నె, సంగటికుండ పనికిరావు. వేడినీ వోల్టేజీనీ పొయ్యి తనే గమనించుకుంటూ, హద్దు తప్పితే ఆగి అంకె చూపుతుంది. ‘‘అంకె బాధను చెబుతుంది. కారణం వెతకవలసింది మనమే’’ అన్నాడు.

శ్రీశైలం జలవిద్యుత్తు, ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం మన సీమలోనే ఉన్నాయి. అయినా 40 డిగ్రీలు దాటిన రోజు సాయంత్రం వీధంతా కూలర్లు తిరుగుతుంటే వోల్టేజీ తగ్గకుండా ఉంటుందా? ఉండవలసింది 230; మీటరు 208 చూపింది. అంతమాత్రానికి మా పొయ్యి ఆగదు. పొయ్యి వేయగానే అది కాస్తా 180కి జారింది! అదే పొయ్యిని గ్రైండరు కోసం పెట్టించిన 16 ఆంపియర్ల సాకెట్టుకు తగిలిస్తే 203 దగ్గర నిలిచి, చక్కగా పనిచేసింది.

తేడా 23 వోల్టులు. పొయ్యి లాగే 8 ఆంపియర్లతో గుణిస్తే 184 వాట్లు. అంటే పాతకాలపు 60 వాట్ల బల్బులు మూడు వెలిగేంత వేడి, పొయ్యికి చేరకుండా దారిలోనే పుడుతోందన్నమాట! ఆ దారి, బల్లకు అందుబాటుగా ఉంటుందని నేను బజారు నుంచి తెచ్చిన సన్నతీగ ఎక్స్‌టెన్షన్ బాక్సు. 2,000 వాట్ల పొయ్యికి 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు కావాలి. దాని సాకెట్టు 6 ఆంపియర్లది. ప్లగ్గు పీకి బాక్సు విప్పి చూస్తే లోపల ఒక బిగింపు నల్లగా మాడి, తీగ తొడుగు కరిగి ఉంది. దాని వెనకే కిటికీ తెర. ఇంకో రెండు రోజులు గడిచి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయం వేసింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పొయ్యి ఉంటే అది చూపిన అంకె రాసుకుని, ఆ పొయ్యి పుస్తకంలోనే అర్థం చూడండి. గాలి పోయే రంధ్రాలకు గుడ్డగానీ దుమ్ముగానీ అడ్డం లేకుండా చూడండి. స్విచ్చి ఆపి ప్లగ్గు తాకి చూడండి. వేడిగా ఉంటే ఆ సాకెట్టు మళ్ళీ వాడవద్దు. పొయ్యిని మాత్రం మీరు విప్పవద్దు. ప్లగ్గు తీసినా లోపల కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది. మీటరు పని తెలిసినవారికే వదిలేయండి. అన్నిటికంటే ముందు, వాసన వస్తోందని ఇంట్లో ఎవరైనా అంటే లేచి చూడండి.

మాడిన బాక్సు తీసుకెళ్ళి అమ్మ ముందు పెట్టాను. ‘‘తప్పు నాదేనమ్మా’’ అన్నాను.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ‘‘నేను చెప్తే ఇనకపోతివి. పెట్టె కీచుమంటే ఇన్నావు’’ అని కొంగు దోపుకుని లేచింది. ఆ రాత్రి సంగటి తొమ్మిదింటికి గానీ కాలేదు. అయితేనేం, అమ్మ చేతి సంగటి!