బర్రె చేపాలంటే మనిషి నిదానించాలి

పాలకేంద్రానికి పొద్దవుతోంది. ఇంట్లో మాటా మాటా పెరిగింది. ఆ కోపంతోనే మనిషి గిన్నె పట్టుకుని కొట్టంలోకి వస్తాడు. దూడను విడుస్తాడు. అది రెండు గుక్కలు తాగీ తాగకముందే లాగి కట్టేస్తాడు. పొదుగు దగ్గర కూచుంటాడు. బర్రె చేపదు. చన్ను పట్టి లాగితే కాలు లేపుతుంది. అరిస్తే ఎగచేపుతుంది. రెండు లీటర్లు రావలసిన చోట అర లీటరుతో లేస్తాడు.

అదే బర్రె దగ్గరకు ఆ ఇంటి అవ్వ వస్తుంది. మెడ నిమురుతుంది. పిడికెడు తవుడు వేస్తుంది. ఏదో మాట్లాడుతూ పొదుగు కడుగుతుంది. కాసేపటికి చన్నులు బిగుస్తాయి. గిన్నెలో ధార మోగుతుంది.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇది అందరూ చూసినదే. అవ్వ చేతిలో మంత్రం ఉందని నవ్వుకుంటారు. మంత్రం లేదు. ఆమె ఊపిరి నెమ్మదిగా ఉంది. చెయ్యి మెత్తగా ఉంది. పశువు చదివేది ఆ రెంటినే.

మెదడు నుంచి పొదుగుకు

పొదుగు కడిగినప్పుడు, దూడ మూతి తగిలినప్పుడు ఆ స్పర్శ నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. మెదడు కింద ఉండే గ్రంథి ఆక్సిటోసిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. అది పొదుగును చేరి, పాలు ఊరే సన్నని గదులను పిండుతుంది. అప్పుడే పాలు కిందికి దిగుతాయి. దీనినే మనం చేపడం అంటాం.

ఆవుకు కొంత పాలు ముందే చన్ను పైని తిత్తిలోకి దిగి ఉంటాయి. బర్రెకు అలా కాదు. నూటికి 95 వంతుల పాలు పైగదుల్లోనే నిలిచి ఉంటాయి. అందుకే ఆవు కన్నా బర్రె ఆలస్యంగా చేపుతుంది. త్వరగా బెదురుతుంది కూడా.

పశువు భయపడితే అడ్రినలిన్ అనే మరో హార్మోను వస్తుంది. అది మొదటిదాని పనిని అడ్డుకుంటుంది. పాలు లోపలే ఉండిపోతాయి. 1999లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ సంగతి లెక్కలతో తేలింది. తమతో కటువుగా నడుచుకున్న మనిషి పాలు పిండేటప్పుడు దగ్గర నిలబడినందుకే ఆవుల పొదుగులో మిగిలిపోయిన పాలు 70 శాతం పెరిగాయి. ఆ మనిషి అప్పుడు కొట్టలేదు, తిట్టలేదు. ఊరికే నిలబడ్డాడు.

నిదానం అంటే ఆలస్యం అనుకోరాదు. హార్మోను ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది. చేపే దాకా ఓపిక పట్టాలి. చేపిన తరువాత ఐదారు నిమిషాల్లో పిండడం ముగించాలి. మనసు నెమ్మది, చేతికి చురుకు. ఈ రెండూ కలిసిన వారే మంచి పాలకాపులు.

సూది దారి తప్పు దారి

ఓపిక లేనిచోట కొందరు సూది మందుకు దిగుతున్నారు. దూడ చనిపోయిన బర్రెకు, తన్నే బర్రెకు పూట పూటకూ ఆక్సిటోసిన్ పొడుస్తున్నారు. పాల కోసం పశువు ఆరోగ్యం చెడే మందు సూదిగా వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం. నేరం సంగతి అటుంచినా, సూదికి అలవాటు పడిన బర్రె అది లేనిదే చేపనని మొరాయిస్తుంది. చేపని పశువును పశువైద్యునికి చూపించాలి. దానికి నొప్పి ఉందా, పొదుగువాపు ఉందా అన్నది ఆయన తేలుస్తారు. ఏ రోగమూ లేకపోతే మార్చుకోవలసింది మన తీరునే.

డొక్క చూసి లెక్క

పశువైద్యుడు వచ్చినప్పుడు కాసేపు దూరంగా నిలబడి పశువు డొక్క వైపు చూస్తారు. డొక్క ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. నీడన పడుకుని నెమరు వేసే పెద్ద పశువు సాధారణంగా నిమిషానికి 20, 30 సార్లు ఊపిరి తీస్తుంది. ఎండకు, జ్వరానికి, భయానికి అది పెరుగుతుంది. నెమరు ఆగిపోతుంది. నిబ్బరంగా ఉన్న పశువు రోజులో ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. కాబట్టి నెమరు, ఊపిరి చూస్తే పశువు ఒంటి సంగతి సగం తెలిసినట్టే.

ఈ లెక్క రైతు కూడా చేయవచ్చు. సాయంత్రం మేత వేశాక, పశువు పడుకున్నాక, గడియారం చూసుకుని ఒక నిమిషం డొక్కను లెక్కపెట్టాలి. చూపు పక్కకు పోతే లెక్క తప్పుతుంది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. రెండు మూడు రోజులు చేస్తే ఒక సంగతి తెలిసివస్తుంది. లెక్కపెడుతున్నంతసేపు బోరు ఎండిన సంగతి, వడ్డీ సంగతి, పక్కవాడి గట్టు సంగతి గుర్తుకు రావు. వచ్చినా నిలవవు. తన ఊపిరి కూడా తెలియకుండానే నెమ్మదిస్తుంది.

సాగర్ గట్టున పాత పాఠం

ఊపిరిని గమనించడం ఈ నేలకు కొత్త కాదు. సుమారు 1700 ఏళ్ల కింద ఇక్ష్వాకుల కాలంలో కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో బౌద్ధ విహారాలు వెలిశాయి. వచ్చే శ్వాసను, పోయే శ్వాసను గమనించడం బౌద్ధంలో తొలి సాధన. నేడు నాగార్జునసాగర్ విపశ్యన కేంద్రంలోనూ అదే మొదటి పాఠం. పది రోజుల శిబిరంలో మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరిని చూడడమే పని. ఫీజు లేదు. మాటలు లేవు. కడ్తాల్ పిరమిడ్ దగ్గర చెప్పేదీ శ్వాసను గమనించమనే.

అయితే గొడ్లున్న ఇంటివారు పది రోజులు ఇల్లు వదలగలరా? మేత ఎవరు వేస్తారు? నీళ్లు ఎవరు పెడతారు? వారికి కొట్టమే శిబిరం. రోజుకు రెండు పూటలా తప్పని శిబిరం.

మనిషి ఒంటిలోనూ అదే

ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది. వదిలినప్పుడు తగ్గుతుంది. ఊరికే కూచున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు. దానిని ఆరేడు సార్లకు తగ్గించి, వదిలే ఊపిరిని కాస్త పొడిగిస్తే గుండె నెమ్మదిస్తుంది. రక్తపోటు కొంత దిగుతుంది.

బర్రెకు పాలు చేపించే ఆక్సిటోసినే తల్లికీ బిడ్డ నోటికి పాలు అందిస్తుంది. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో దక్షిణాఫ్రికా పరిశోధకులు కుక్కలను, వాటిని నిమిరే మనుషులను కలిపి పరీక్షించారు. ఇద్దరి రక్తంలోనూ ఈ హార్మోను పెరిగింది. ఇద్దరి రక్తపోటూ తగ్గింది. అంటే అవ్వ బర్రె మెడ నిమిరినప్పుడు మేలు ఒక్క బర్రెకే జరగడం లేదు.

1980లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో గుండెజబ్బుతో ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన 92 మందిని ఏడాది పాటు గమనించారు. పెంపుడు జంతువులున్న 53 మందిలో ముగ్గురు చనిపోయారు. లేని 39 మందిలో 11 మంది చనిపోయారు. జంతువును పెంచితే చాలు, మందులు అక్కరలేదని దీని అర్థం కాదు. బి.పి. మాత్రలు మానరాదు. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే కొట్టంలో కూచోరాదు, ఆసుపత్రికి పోవాలి. కానీ పక్కన ఒక ప్రాణి ఉండడం మనిషికి బలమే.

వలస పోయిన ఇళ్లలో

పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు వలస పోయిన ఇళ్లు ఎన్నో. కొడుకు కోడలు పోతే ఇంట్లో మిగిలేది ముసలివారు, ఒక మేక, గడపలో ఒక కుక్క. ఆ మేకకు ఆకు వేయడానికైనా తాత లేవాలి. కుక్కకు ముద్ద పెట్టడానికైనా అవ్వ పొయ్యి వెలిగించాలి. పలకరింపుకు ఎవరూ లేని పూట ఆ మేక అరుపే పలకరింపు.

కుక్కకు మాత్రం ఏటేటా రేబిస్ టీకా వేయించాలి. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రిలో టీకాలు మొదలుపెట్టాలి.

ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు తగ్గాయి. మేత కరువై బర్రెలను అమ్ముకున్న ఇళ్లూ ఉన్నాయి. కొట్టాలు ఖాళీ అయితే పాలు, పెంట పోతాయని అందరికీ తెలుసు. రోజుకు రెండుసార్లు మనిషిని నిదానించమని చెప్పే ప్రాణి కూడా పోతుందన్నది లెక్కలోకి రాలేదు.

గొడ్డున్న వారు ఈ సాయంత్రమే చూడవచ్చు. గిన్నె పక్కన పెట్టాలి. బర్రె మెడ మీద చెయ్యి వేయాలి. నాలుగు ఊపిరులు మెల్లగా వదలాలి. ఆ తరువాతే పొదుగు ముట్టాలి. పాలు పెరిగితే లాభం. పెరగకపోయినా, ఆ పూట కోపం కొట్టంలోనే దిగిపోతుంది. ఇంట్లోకి వెంట రాదు.