చిగురుపన్ను – రంప పితూరీ

1774లో లండనులోని పార్లమెంటు బోస్టను రేవును మూసివేసిన సంగతి మనమందరము పరీక్షకై కంఠస్థము చేసితిమి. తేయాకును సముద్రము పాలు చేసినది కొందరు, శిక్ష ఊరంతటికి. దూరప్రభువుల అటువంటి శాసనము మన గోదావరి మన్యమునకును వచ్చినది. అది పాఠములలో అరుదు.

రంప కొండలలో జీలుగు కల్లు విలాసము కాదు. గింజలు అడుగంటిన నెలలలో అదియే ఆహారము. ఇంటి వాడుకకు కల్లు గీయుటయు నేరమని మద్రాసు ప్రభుత్వపు ఆబ్కారీ నిబంధనలు శాసించి, ఆ హక్కును గుత్తదారుల పరము చేసినవి. చిగురుపన్ను గుంజుచుండిన మన్సబుదారు దానిపై మొదలుపన్నును చేర్చెను. మొరపెట్టుకొందమన్న న్యాయస్థానము మైదానమున నున్నది. వర్తకుడు దావా వేయును, దారి తెలియని కొండవాడు హాజరు కాడు, పశువులు జప్తగును. కాగితముపై అంతయు సక్రమమే!

1879 మార్చిలో పోలీసులపై దాడులు మొదలైనవి. నాయకులైన కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య 1880లో హతులైరి. సర్కారు మన్సబుదారును తొలగించి ముఠాదారులతో నేరుగా ఒడంబడికలు చేసికొనినది. తప్పు గ్రహించినదనియే తోచును. కాని 1882లోనే మద్రాసు అటవీ శాసనము వెలువడినది. ఇక పోడు కొట్టుటకును ఆంక్షలే. గూడెము ప్రాంతమున చాలీచాలని కూలికి బలవంతపు రోడ్డుపనులు తోడైనవి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి ఠాణాపై బడి తుపాకులు పట్టుకొనిపోయెను.