మాంద్యం వేళ ఉన్న ఉద్యోగం వదులుకోవచ్చా? రాజీనామాకు ముందు వేసుకోవాల్సిన లెక్కలివీ

ఒకటో తారీఖుకల్లా జీతం పడుతోంది. కానీ మూడేళ్లుగా ఇంక్రిమెంట్ నామమాత్రమే, పని మాత్రం ఇద్దరిది. మరో కంపెనీ 30 శాతం ఎక్కువ ఇస్తామంటోంది. టీవీ పెడితే లేఆఫ్‌ల వార్తలు. ఇలాంటప్పుడు ఉండాలా, వెళ్లాలా?

మార్కెట్ బాగున్న రోజుల్లో ఈ నిర్ణయం తప్పినా రెండు మూడు నెలల్లో సర్దుకోవచ్చు. మాంద్యం వేళ మరో ఉద్యోగం దొరకడానికి ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే జీతం పెరుగుదల కన్నా ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

కంపెనీ పేరే భద్రతా?

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఖాతాల్లో అవకతవకలను అంగీకరిస్తూ లేఖ రాశారు. ముందురోజు వరకూ హైదరాబాద్‌లో సత్యం ఉద్యోగమంటే పెళ్లి సంబంధాల్లోనూ విలువ. అప్పటికి లీమన్ బ్రదర్స్ కూలి నాలుగు నెలలైనా కాలేదు. ప్రపంచమంతా ఐటీ ఖర్చులు తగ్గించుకుంటోంది. సుమారు 50 వేల మంది ఉద్యోగులకు ఉండటమూ భయమే, వెళ్లడమూ భయమే. చివరకు కేంద్రం కొత్త బోర్డును నియమించింది. ఏప్రిల్‌లో కంపెనీని దక్కించుకునే పోటీలో టెక్ మహీంద్రా గెలిచింది.

ఐటీలో ప్రభుత్వ ఉద్యోగంతో సమానమని పేరున్న టీసీఎస్ కూడా 2025 జులైలో దాదాపు 2 శాతం సిబ్బందిని, అంటే సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటామని ప్రకటించింది. పేరు చూసి ధీమాగా ఉండలేమన్నది ఈ రెండు ఉదాహరణలూ చెబుతాయి. ఇదే మాట పిలుస్తున్న కొత్త కంపెనీకీ వర్తిస్తుంది.

కొత్త చోట వరుసలో ఆఖరు

చివర చేరినవారిని ముందు తొలగించాలన్నది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నుంచీ ఉన్న సూత్రం. మేనేజర్ స్థాయి వారికి ఈ చట్టం వర్తించకపోయినా, ఆచరణలో కొత్తవారిని పంపేయడమే కంపెనీలకు సులువు. ప్రొబేషన్‌లో ఉంటే నోటీసు గడువు కూడా సాధారణంగా తక్కువే. పాత చోట ఎనిమిదేళ్ల అనుభవమున్న ఉద్యోగి కొత్త చోట మొదటి రోజున అందరికన్నా జూనియరే.

ఆఫర్ ఇచ్చి చేరే తేదీని వాయిదా వేయడం కూడా మాంద్యంలో మామూలే. ఫోన్‌లో చెప్పిన మాటను నమ్మి రాజీనామా చేయకూడదు. జీతం, చేరే తేదీ, ప్రొబేషన్ షరతులు రాసి ఉన్న ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే ఆ ఆలోచన చేయాలి.

వదిలేస్తే పోయేవి

గ్రాట్యుటీ: శాశ్వత ఉద్యోగి రాజీనామా చేస్తే సాధారణంగా ఐదేళ్ల సర్వీసు నిండితేనే ఇది వస్తుంది. చివరి బేసిక్, డీఏ కలిపి 40 వేలుంటే ఐదేళ్లకు సుమారు 1.15 లక్షలు. నాలుగున్నరేళ్ల దగ్గర మానేసినవారికి ఇది రాదు.

ఆరోగ్య బీమా: ఉద్యోగంతోపాటే కంపెనీ గ్రూప్ పాలసీ కూడా పోతుంది. తల్లిదండ్రులకు బీపీ, షుగర్ ఉంటే, కొత్తగా తీసుకునే పాలసీలో వాటికి గరిష్ఠంగా మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండొచ్చు. సొంత పాలసీ ఉద్యోగంలో ఉండగానే తీసుకోవడం మేలు.

పరిహారం: ఏడాది సర్వీసు నిండి, చట్టప్రకారం కార్మికుల పరిధిలోకి వచ్చేవారిని రిట్రెంచ్ చేస్తే ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున ఇవ్వాలి. తానే రాజీనామా చేసినవారికి ఆ హక్కు లేదు. 'మీరే రాజీనామా చేయండి' అని హెచ్‌ఆర్ ఒత్తిడి తెస్తే, సంతకానికి ముందు ఎంత చెల్లిస్తారో రాతపూర్వకంగా అడగాలి.

ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది?

ఇంటి ఖర్చు 40 వేలు, హోమ్ లోన్ ఈఎంఐ 25 వేలు అనుకుంటే నెలకు 65 వేలు కావాలి. బ్యాంకులో 4 లక్షలుంటే ఆరు నెలలు గడుస్తుంది. పిల్లల స్కూల్ ఫీజు కట్టాల్సిన నెల మధ్యలో వస్తే అదీ గడవదు. పీఎఫ్ డబ్బును ఈ లెక్కలో కలపకపోవడమే మంచిది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే సాధారణంగా పన్ను కూడా పడుతుంది. జీతం స్లిప్పు లేనప్పుడు బ్యాంకులో అప్పు పుట్టడమూ కష్టమే.

ఇంట్లో మరొకరి సంపాదన ఉన్నవారికి, ఒక్కరి జీతంపైనే నడిచే ఇంటికి ఈ లెక్క ఒకటి కాదు. స్నేహితుడు మానేసి బాగుపడ్డాడన్నది ఇక్కడ పనికొచ్చే ఆధారం కాదు.

వెళ్లడమే మేలైనప్పుడు

ఉన్న ఉద్యోగమే లోపల గుల్లవుతుంటే ఆగడం కూడా ప్రమాదమే. దాన్ని కనిపెట్టడానికి ఉద్యోగి చేతిలో ఒక సాధనం ఉంది: పీఎఫ్ పాస్‌బుక్. యాజమాన్యం ప్రతి నెలా పీఎఫ్‌ను తర్వాతి నెల 15లోగా జమ చేయాలి. జీతంలో కోత పడుతున్నా పాస్‌బుక్‌లో నెలల తరబడి జమ కాకపోతే అది పెద్ద హెచ్చరిక. జీతాలు ఆలస్యం కావడం, సరఫరాదారులకు బాకీలు పేరుకుపోవడం కూడా అలాంటివే. పని వల్ల ఆరోగ్యం దెబ్బతింటున్నా, తప్పుడు లెక్కలపై సంతకం పెట్టమంటున్నా జీతం ఒక్కటే చూసి ఆగలేం.

అలాంటప్పుడు కూడా వెతుకులాట ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టడం మంచిది. ఖర్చు తగ్గించుకుని, ఆరు నెలల డబ్బు పక్కన పెట్టి, బీమా తీసుకున్నవారు అడిగిన జీతం కోసం ఆగగలరు. ఇవేవీ లేకుండా కోపంలో మానేసినవారు మొదట వచ్చిన ఉద్యోగానికి, తక్కువ జీతమైనా, ఒప్పుకోవాల్సి వస్తుంది.