హాఫ్ బ్రిడ్జ్ గేట్ డ్రైవర్ వలయాల్లో స్విచింగ్ నాయిస్: కారణ నిర్ధారణ

వ్యాససంగ్రహం:
హాఫ్ బ్రిడ్జ్ వలయంలో స్విచింగ్ నాయిస్ కనిపించగానే గేట్ డ్రైవర్ చిప్‌ను మార్చి చూడటం ప్రయోగశాలల్లో పరిపాటి. అయితే ఆ నాయిస్‌లో కొంత కొలిచే పద్ధతి వల్ల పుట్టినది. మిగిలినదానిలో అధికభాగం బోర్డు మీది రాగిబాటల అమరిక వల్ల పుట్టినది. ఈ రెంటినీ విడదీసి అసలు కారణాన్ని ప్రయోగపూర్వకంగా గుర్తించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: హాఫ్ బ్రిడ్జ్, గేట్ డ్రైవర్, మాస్‌ఫెట్, మిల్లర్ ప్రభావం, ప్రోబ్, స్నబ్బర్.

ఉపోద్ఘాతం:
ఒకే డీసీ సరఫరాకు అడ్డంగా, శ్రేణిలో కలిపిన రెండు మాస్‌ఫెట్ల జంటే హాఫ్ బ్రిడ్జ్. ఈ రెండూ ఏకకాలంలో వాహకస్థితిలోకి వస్తే సరఫరా షార్ట్ అవుతుంది. అప్పుడు మాస్‌ఫెట్లతోపాటు తరచు డ్రైవర్ చిప్ కూడా కాలిపోతుంది. కాలిన చిప్‌నే దోషిగా ఎంచడం సహజమే గాని, చాలా సందర్భాల్లో అది వేరొక దోషానికి బలైనది మాత్రమే. కళాశాల ప్రయోగశాలల్లో విరివిగా వాడే ఐ.ఆర్.2110 డ్రైవర్‌నే తీసుకుంటే, నానోసెకనుకు 50 వోల్టుల మార్పు వరకు అది తట్టుకుంటుందని తయారీదారు వివరపత్రం చెబుతోంది. 300 వోల్టులు 30 నానోసెకన్లలో మారే వలయంలో ఆ వేగం నానోసెకనుకు 10 వోల్టులే. కాబట్టి అనుమానం ముందుగా వేరేచోటికి మళ్లాలి.

కొలతలోని దోషం:
ప్రోబ్‌తో వచ్చే 15 సెంటీమీటర్ల గ్రౌండ్ తీగ ప్రేరకత్వం సుమారు 150 నానోహెన్రీలు. ప్రోబ్ కెపాసిటెన్స్ 10 పికోఫారడ్లు అనుకుంటే ఈ రెండూ కలిసి 130 మెగాహెర్ట్జ్ దగ్గర డోలనం చేస్తాయి. తెరమీద కనిపించే చక్కని డోలనం వలయానిదా, తీగదా అన్నది తేల్చుకోవడానికి సులభమైన పరీక్ష ఒకటుంది. ప్రోబ్ మొననూ గ్రౌండ్ తీగనూ బోర్డు మీద ఒకే గ్రౌండ్ బిందువుకు తాకించాలి. అప్పుడు కూడా తెరమీద కనిపించేదంతా కొలత సృష్టించినదే. పొడవైన తీగ తీసివేసి, మొన పక్కనే తాకే చిన్న స్ప్రింగ్ వాడితే ఈ భాగం చాలావరకు తొలగిపోతుంది.

పై మాస్‌ఫెట్ గేటును కొలవడం ఇంతకన్నా క్లిష్టం. దాని సోర్సు స్విచింగ్ బిందువుతోపాటు 300 వోల్టుల మేర పైకీ కిందికీ కదులుతుంది. డిఫరెన్షియల్ ప్రోబ్ వాడినా, అధిక పౌనఃపున్యాల వద్ద దాని తిరస్కరణ శక్తి 40 డెసిబెళ్లకు పడిపోతే 3 వోల్టుల అబద్ధపు సంకేతం మిగులుతుంది. ప్రోబ్ రెండు మొనలనూ స్విచింగ్ బిందువుకే కలిపి చూస్తే ఆ అబద్ధం ఎంతో తెలుస్తుంది. ఆసిలోస్కోప్ ఎర్త్ పిన్ను తీసివేసి కొలిచే అలవాటును మాత్రం ఏ పరిస్థితిలోనూ అనుమతించరాదు. అప్పుడు పరికరపు లోహభాగాలన్నీ స్విచింగ్ బిందువు వోల్టేజికి చేరుతాయి. అది ప్రాణాంతకం.

మిల్లర్ ప్రభావమా, డెడ్ టైమ్ లోపమా:
కొలత నమ్మదగినదని తేలాక కూడా ప్రతి స్విచింగ్‌లో సరఫరా కరెంటు ఒక్కసారిగా ఎగసిపడుతుంటే మూడు కారణాలు ఉండవచ్చు. రెండు మాస్‌ఫెట్ల నడుమ విరామం చాలకపోవడం మొదటిది. కింది మాస్‌ఫెట్‌లోని అంతర్గత డయోడ్ వెంటనే ఆగకపోవడం రెండవది. ఆఫ్‌లో ఉండవలసిన కింది మాస్‌ఫెట్ మిల్లర్ కెపాసిటెన్స్ ద్వారా వచ్చే కరెంటుతో తిరిగి తెరుచుకోవడం మూడవది. ఈ మూడూ తెరమీద ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. విరామం పెంచినా కరెంటు శిఖరం తగ్గకపోతే మొదటి కారణాన్ని పక్కన పెట్టవచ్చు. లోడ్ కరెంటుతోపాటు శిఖరం పెరుగుతుంటే డయోడ్‌ను అనుమానించాలి. కింది గేటుకూ సోర్సుకూ మధ్య ఒక నానోఫారడ్ కెపాసిటర్ తాత్కాలికంగా పెట్టగానే శిఖరం తగ్గితే మిల్లర్ ప్రభావమే కారణమని దాదాపు రూఢి అయినట్లే.

ఈ మూడవదానిని లెక్కతో చూడటం ఉపయుక్తం. మిల్లర్ కెపాసిటెన్స్ 20 పికోఫారడ్లు, వోల్టేజి మార్పు నానోసెకనుకు 10 వోల్టులు అయితే గేటులోకి 0.2 ఆంపియర్లు ప్రవహిస్తాయి. గేటు మార్గంలో మొత్తం నిరోధం 22 ఓమ్‌లైతే గేటు వోల్టేజి గరిష్ఠంగా 4.4 వోల్టుల వైపు సాగుతుంది. గేటు కెపాసిటెన్స్ 1.2 నానోఫారడ్లు కాబట్టి 30 నానోసెకన్లలో అది 3 వోల్టులకు చేరుతుంది. ఆరంభ వోల్టేజి 2 నుండి 4 వోల్టుల మధ్య ఉండే మాస్‌ఫెట్‌కు ఇది అనిశ్చిత స్థితి. పైగా ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆరంభ వోల్టేజి తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు నిక్షేపంగా నడిచిన వలయం అరగంట తర్వాత కాలిపోవడంలోని రహస్యం చాలాసార్లు ఇదే. ఆఫ్ మార్గానికి విడిగా తక్కువ నిరోధం ఇవ్వడం సరైన చికిత్స. నిరోధానికి సమాంతరంగా డయోడ్ పెట్టడం ప్రచారంలో ఉన్న పద్ధతే గాని, డయోడ్ మీద సుమారు 0.7 వోల్టు మిగిలిపోతుంది.

స్విచింగ్ బిందువు సున్నాకు దిగువకు పోవడం:
పై మాస్‌ఫెట్ ఆగినప్పుడు కరెంటు కింది డయోడ్‌లోకి మళ్లుతుంది. ఆ మార్గంలో 20 నానోహెన్రీలు ఉండి, 20 నానోసెకన్లలో 10 ఆంపియర్లు మారితే 10 వోల్టులు పుడతాయి. అంతమేర స్విచింగ్ బిందువు గ్రౌండ్ కన్నా దిగువకు జారుతుంది. ఐ.ఆర్.2110లో ఆ పిన్ను సున్నాకు 4 వోల్టులు దిగువ వరకు ఉన్నంతసేపే తర్కభాగం ఆదేశాలను స్వీకరిస్తుంది. ఇంకా దిగితే పాత స్థితినే పట్టుకొని ఉంటుంది. డ్రైవర్ చెడిపోయిందనిపించే సందర్భాల్లో ఇదొకటి. డ్రైవర్ గ్రౌండ్‌ను కింది మాస్‌ఫెట్ సోర్సు కాలికే నేరుగా కలపడం, స్విచింగ్ బిందువుకూ ఆ పిన్నుకూ మధ్య కొద్ది ఓమ్‌ల నిరోధం ఉంచడం ఇందుకు పరిష్కారాలు.

మిగిలిన డోలనం:
సరఫరా కెపాసిటర్‌ను మాస్‌ఫెట్ల చెంతకు చేర్చాక కూడా డోలనం మిగిలితే స్నబ్బర్ గురించి ఆలోచించవచ్చు. డోలనం 50 మెగాహెర్ట్జ్ వద్ద ఉందనుకుందాం. కింది మాస్‌ఫెట్‌కు అడ్డంగా 600 పికోఫారడ్లు చేర్చినప్పుడు అది 25 మెగాహెర్ట్జ్‌కు తగ్గితే, వలయంలో ముందే ఉన్న కెపాసిటెన్స్ దానిలో మూడవ వంతు, అంటే 200 పికోఫారడ్లు. దానినిబట్టి ప్రేరకత్వం దాదాపు 51 నానోహెన్రీలు. స్నబ్బర్ నిరోధం 16 ఓమ్‌ల దగ్గర మొదలుపెట్టవచ్చు. కానీ 600 పికోఫారడ్ల స్నబ్బర్ 300 వోల్టుల వద్ద, 100 కిలోహెర్ట్జ్‌లో 5.4 వాట్లను వేడిగా మారుస్తుంది. అందువల్ల రాగిబాటను కుదించి ప్రేరకత్వాన్ని తగ్గించే అవకాశం ఉన్నంతవరకు స్నబ్బర్‌ను వాయిదా వేయడమే మేలు.

మార్పు చేసిన ప్రతిసారీ కరెంటు పరిమితి గల సరఫరాపై 30 వోల్టులతో మొదలుపెట్టి, దశలవారీగా 300 వోల్టులకు పెంచాలి. హీట్ సింక్ పూర్తిగా వేడెక్కిన తర్వాత కింది గేటు వోల్టేజిని మరొకసారి కొలవాలి.