నాలుగు ఆప్షన్లు లేని ఏడాది

ఇంటర్‌లో గంట కొట్టినట్టల్లా నడిచిన పిల్లలు బీటెక్‌లో చేరగానే తమ రోజును తామే నడుపుకోవాలి. మొదటి ఏడాది తడబాటు అక్కడే మొదలవుతుంది. దాన్ని దాటించే బాధ్యత ఇంటికీ కాలేజీకీ కూడా ఉంది.

‘ఈ రెండేళ్లు కష్టపడు నాన్నా, తర్వాత అంతా హాయే.’ ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. పిల్లలు నమ్ముతారు. ర్యాంకు వచ్చి, వెబ్ ఆప్షన్లు పెట్టుకుని, సీటు వచ్చి హాస్టల్లో దిగుతారు. మొదటి మిడ్ మార్కులు వచ్చేసరికి గుండె జారుతుంది. ఇంటర్‌లో 950 దాటిన పిల్లాడు మ్యాథ్స్‌లో బొటాబొటిగా గట్టెక్కుతాడు. వాడి తెలివి ఎక్కడికీ పోలేదు. చదువు తీరు మారింది, ఆ సంగతి వాడికి ముందుగా ఎవరూ చెప్పలేదు.

నిమిషానికో ప్రశ్న

ఎంసెట్‌లో, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌లో, మూడు గంటలకు 160 ప్రశ్నలు. ఒక్కోదానికి నిమిషం పైచిలుకు. ప్రశ్న చూడగానే ఏ మోడలో పసిగట్టాలి, తెలియకపోతే వదిలేసి ముందుకెళ్లాలి. రెండేళ్లపాటు పిల్లలు సాధన చేసేది ఈ వేగాన్నే.

ఇప్పుడు ఫస్టియర్ సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లోకి వెళ్లి చూడండి. ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో చెప్పే ప్రోగ్రామ్ రాయాలి. ఒకమ్మాయి రాసింది, కంపైల్ చేస్తే ఎర్రర్. ఎక్కడో సెమికోలన్ మర్చిపోయింది. అది పెట్టాక ప్రోగ్రామ్ నడిచింది గానీ, 9ని కూడా ప్రధాన సంఖ్య అంటోంది. లూపులో ఒక్కసారి 2తో భాగించి చూసి, శేషం మిగలగానే తీర్పు చెప్పేస్తోంది. 3 దాకా వెళ్లడమే లేదు. ఆ తప్పు దొరికేలోపు నలభై నిమిషాలు గడిచిపోతాయి. పక్క సిస్టమ్‌లోని కోడ్ కాపీ కొట్టినవాళ్లు రికార్డు మీద సంతకం పెట్టించుకుని అప్పటికే క్యాంటీన్‌కి వెళ్లిపోయి ఉంటారు. ‘నాకే రావడం లేదు’ అనుకుంటుందా అమ్మాయి.

ఇంజినీరింగ్ అంటే ఆ నలభై నిమిషాలే. అక్కడ నాలుగు ఆప్షన్లు ఉండవు, వదిలేసి పోవడానికి తర్వాతి ప్రశ్నా ఉండదు. తెలియని దాని దగ్గర ఓపిగ్గా కూర్చోవడాన్ని ఓటమి అనుకోకూడదని ఆ అమ్మాయికి ఆ రోజే చెప్పేవాళ్లు కావాలి. ల్యాబ్‌లో తిరిగే లెక్చరర్ ఒక్క నిమిషం ఆగి ఆ మాట చెబితే చాలు, ఆమె వచ్చే వారం కూడా సొంతంగా రాస్తుంది.

అడిగేవాళ్లు లేని సాయంత్రం

రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారకముందే లేపేవాళ్లు, స్టడీ అవర్లో కునుకు తీస్తే తట్టేవాళ్లు ఉంటారు. ఫోన్ చేతికివ్వరు. బీటెక్‌లో క్లాసులు అయ్యాక ఏం చేశావని అడిగే మనిషే ఉండడు. చేతిలో ఫోన్ ఉంటుంది. పడుకునేసరికి రాత్రి రెండవుతుంది, పొద్దున మొదటి క్లాసు పోతుంది.

జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే తగిన కారణం చూపి కండోనేషన్ ఫీజు కట్టాలి. 65 కంటే తగ్గితే డిటెన్షన్, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఆరు రోజుల వారంలో రెండు రోజులు ఎగ్గొడుతూ పోతే హాజరు 67 శాతం దగ్గరికి పడిపోతుంది. ‘సప్లీలో చూసుకుందాంలే’ అని వదిలేసిన మ్యాథ్స్ వన్, వచ్చే సెమిస్టర్లో మ్యాథ్స్ టూతో కలిసి ఎదురొస్తుంది.

దీనికి మందు కఠినమైన టైంటేబుల్ కానక్కర్లేదు. రోజూ ఒకే వేళకు, మెస్‌కి వెళ్లేముందు రెండు గంటలు కూర్చోవాలి. ఆ రోజు చెప్పిన లెక్కలు ఆ రోజే చేయాలి, ల్యాబ్ రికార్డు ఆ వారమే రాయాలి. నిద్ర తగ్గించుకోకూడదు. మొదటి నెలలో ఈ అలవాటు పడితే మిగతా సంవత్సరాలు అదే నడిపిస్తుంది.

వెనక బెంచీ తెలుగు మీడియం

పల్లెటూరి జూనియర్ కాలేజీలో తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లాడికి ఫిజిక్స్ వచ్చు. ఇంగ్లిష్‌లో గబగబా చెప్పే లెక్చర్‌ని అందుకోవడం రాదు. సందేహం అడిగితే నవ్వుతారని వెనక బెంచీ వెతుక్కుంటాడు. అతనికి చెప్పాల్సింది ఇదే: క్లాసయ్యాక సార్‌ని తెలుగులోనే అడుగు. సాంకేతిక పదాలు ఇంగ్లిష్‌లో, వివరణ తెలుగులో నోట్సు రాసుకో. పరీక్షలో చిన్న చిన్న వాక్యాలు సొంతంగా రాయి. భాష నెలల్లో పట్టుబడుతుంది.

కాలేజీలకూ ఇక్కడ పని ఉంది. కొత్త విద్యార్థులకు మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ జరపాలని ఏఐసీటీఈ చెప్పింది. దాన్ని వేదిక మీది ఉపన్యాసాలతో మమ అనిపిస్తే పిల్లలకు దక్కేదేమీ లేదు. చిన్న చిన్న బృందాలు చేసి, ఒక్కో బృందాన్ని ఒక అధ్యాపకుడికి అప్పగిస్తే, వెనక బెంచీ పిల్లాడి పేరు తెలిసిన పెద్దమనిషి క్యాంపస్‌లో ఒకరైనా ఉంటారు.

అడిగితే దొరికే సాయం

సీనియర్ల దగ్గర పాత ప్రశ్నపత్రాలు, నోట్సు, ఏ సబ్జెక్టు ఎలా చదవాలన్న సలహా దొరుకుతాయి. తీసుకోవాలి. అదే సీనియర్ అవమానిస్తే మాత్రం భరించాల్సిన పని లేదు. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. యూజీసీ 2009లో దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. హెల్ప్‌లైన్ 1800-180-5522 ఏ వేళలోనైనా పలుకుతుంది. ఇంటి మీద బెంగ వారాలు గడిచినా తగ్గకపోతే, తిండీ నిద్రా పోతుంటే, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. అడగడానికి సిగ్గుపడక్కర్లేదు.

అమ్మానాన్నలు ఆదివారం ఫోన్ చేసినప్పుడు మార్కుల కంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి: ఈ వారం ఏది అర్థం కాలేదు? ఎవరిని అడిగావు? జవాబు విని కోప్పడకండి, పక్కింటి పిల్లలతో పోల్చకండి. ‘రాలేదు’ అని మొదటి ఏడాదిలో ఇంట్లో ధైర్యంగా చెప్పగలిగిన పిల్లలు, మూడో ఏడాదిలో బ్యాక్‌లాగ్‌లు దాచిపెట్టుకుని ఒంటరిగా కుమిలిపోరు.