కుండ చెమర్చినట్లు

వేసవిలో వసారాలోని ఇసుకమీద నిలిపిన క్రొత్తకుండను తాకి చూచిన పిల్లలకెల్లరకును, దాని వెలిభాగము తడితడిగా, చల్లగా నుండుట తెలిసినదే. మట్టిలోని సన్నని రంధ్రములగుండ చెమర్చిన నీరు ఆవిరియై పోవుచు, కుండలోని వేడిమిని తనవెంట గొనిపోవుటవలన, మిగిలిన నీరు చల్లబడుచున్నది. మన దేహమును అట్టి కుండయే. కాని దీని రంధ్రములు వట్టి రంధ్రములు కావు. చర్మముక్రింద దారపుచుట్టలవలె ముడుచుకొని, 20 లక్షలు మొదలు 40 లక్షలవరకు స్వేదగ్రంథులు కలవు. మెదడులోని హైపోథాలమస్ అను చిన్నభాగము, రక్తము 37 డిగ్రీలకు మించి వేడెక్కుచున్నదని గ్రహించినంతనే, ఈ గ్రంథులకు ఆజ్ఞ పంపును; అవి నీటిని, దానితో కొంచెము ఉప్పును వెలికి పంపును. ఆటలాడి వచ్చిన బాలుని పై పెదవి ఉప్పగా నుండుట అందువలననే.

అయితే చెమట పోసినంతమాత్రమున చలువ కలుగదు, అది ఆరవలెను. ఒక గ్రాము నీటిని గడ్డకట్టు చలినుండి మరుగువరకు కాచుటకు 100 కెలోరీలు చాలును. అదే గ్రాము చెమట మేనిపై ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీలు కావలెను. ఆ వేడిమి యంతయు మన దేహమే యిచ్చుచున్నది.

1774లో లండన్ నగరమున ఫోర్డైస్ అను వైద్యుడు కాచియుంచిన గదిలోనికి చార్లెస్ బ్లాగ్డెన్ మొదలగు పెద్దమనుష్యులు, ఏమి తోచినదో గాని, తామై ప్రవేశించిరి. లోపలి గాలి నేటి కొలతలో సుమారు 127 డిగ్రీలకు వేడెక్కగా, అందుంచిన గ్రుడ్లు 20 నిమిషములలో గట్టిపడినవి, మాంసము వేగినది. వారుమాత్రము నిక్షేపముగా వెలికి వచ్చిరి. అంతకంటె వింత యేమనగా, అక్కడి పాత్రలోని నీరు సైతము ఆవిరి పోవుచున్నంతసేపు మరుగలేదు. కొంచెము నూనె వేయగా, అది పైకెల్ల వ్యాపించి ఆవిరిదారి మూసినపిమ్మట, సలసల కాగసాగినది.

నీటిమీద నూనె చేసిన పనినే మన కాకినాడ, బందరు తీరములలో తడిగాలి చేయుచున్నది. ఆవిరితో నిండిన గాలికి మరింత ఆవిరిని గ్రహించుటకు చోటుండదు. కావున చెమట ఆరక కారిపోవును. దీనినే ఉక్కపోత యందుము. అనంతపురపు పొడియెండ ఎంత తీక్ష్ణమైనను ఈ బాధ తక్కువ. విసనకర్రయు గాలిని చల్లబరుపదు. మేనిచుట్టు పేరుకొన్న తడిగాలిని త్రోసివేసి, చెమటకు దారి యిచ్చును, అంతే. అట్టి ఉక్కదినములలో వసారాలోని కుండయు, పాపము, ఒడలెల్ల చెమర్చియు లోపలి నీటిని చల్లబరుపలేక నిలిచియుండును.