వాన నీళ్లు ఎర్రగా ఎందుకు పారతాయి?



గట్టి వాన పడితే సింహాచలం కొండ దిగువ రోడ్ల మీద ఎర్రమట్టి మేట వేస్తుంది. బైకులు జారతాయి, కాలువలు పూడిపోతాయి. మరుసటి వానకు నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. ఈ మట్టి ఎక్కడిదని మీ పిల్లలు అడిగితే ఏం చెప్పాలో చూద్దాం.

మన తూర్పు కనుమల కొండల్లో ఖోండలైట్ రాయి ఎక్కువ. అది ఎండకు, వానకు శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. చెట్లు, గడ్డి ఉన్నచోట ఆకులు చినుకు దెబ్బను ఆపుతాయి, వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. ఇంటికో రోడ్డుకో కొండను తవ్వితే ఆ రక్షణ పోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చెట్లను కూల్చినప్పుడూ ఇదే నష్టం జరిగింది.

కొట్టుకొచ్చిన మట్టి కాలువల్లో, గెడ్డల్లో, చివరకు జలాశయాల్లో చేరుతుంది. ముడసర్లోవ, మేఘాద్రి గెడ్డ రెండూ నగరానికి తాగునీరిచ్చేవే. జలాశయంలో ఒక ఘనపు మీటరు పూడిక చేరితే 1,000 లీటర్ల నీటికి చోటు పోయినట్టే.

కింద పట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. ముతక ఇసుక మీటరు లోతు నీటిలో కొన్ని సెకన్లలోనే అడుక్కి దిగుతుంది. సన్నని బంకమట్టికి మాత్రం రోజులు పడుతుంది. అందుకే మట్టిని బయలుదేరిన చోటే ఆపాలి. దానికి మూడు పనులు చేయాలి.

1. కప్పడం: తవ్విన నేలను గడ్డితో గానీ కొబ్బరి పీచు చాపలతో గానీ కప్పాలి. వానాకాలానికి ముందు అవసరానికి మించి తవ్వకూడదు.

2. నెమ్మదింపజేయడం: వాలుకు అడ్డంగా కందకాలు తవ్వాలి, రాళ్ల కట్టలు వేయాలి. నీటి వేగం తగ్గితే మట్టిని మోసే బలమూ తగ్గుతుంది.

3. నిలపడం: స్థలం దిగువన చిన్న గుంట తవ్వితే, నీళ్లు అందులో కాసేపు ఆగి బరువైన మట్టిని వదిలి ముందుకు పోతాయి. గుంట నిండినప్పుడల్లా పూడిక తీయాలి.

మీరు ఇల్లు కట్టిస్తుంటే ఇసుక, మట్టి కుప్పలను కాలువ పక్కన పోయించకండి. వాటి మీద టార్పాలిన్ కప్పించి, దిగువ వైపు ఇసుక బస్తాలు పేర్పించండి. మేస్త్రీకి ముందే చెబితే ఇది పెద్ద ఖర్చు కాదు.

ఈ నెల పిల్లలతో ఒక ప్రయోగం చేయించండి. రెండు ప్లాస్టిక్ ట్రేలకు ఒక అంచున చిన్న రంధ్రాలు పెట్టండి. ఒకదాంట్లో వట్టి మట్టి, మరొకదాంట్లో గడ్డితో ఉన్న మట్టి నింపండి. రంధ్రాలున్న అంచు కిందికి ఉండేలా రెండింటినీ ఒకే వాలులో పెట్టి, ఒక్కోదాని మీద ఒక లీటరు నీళ్లు చల్లించండి. కిందికి వచ్చిన నీటిని రెండు గాజు గ్లాసుల్లో పట్టి, మర్నాటి వరకు కదపకుండా ఉంచండి. ఏ గ్లాసు అడుగున ఎంత మట్టి పేరుకుందో స్కేలుతో కొలిచి, సైన్స్ నోట్‌బుక్‌లో రాసి తెమ్మనండి.